ఇరుక్కున్న సూది, తిరిగొచ్చిన గుమ్మడికాయ

మా ఆదోనిలో పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే మైకుసెట్లలో పేరున్నవి రెండు. ఒకటి నాది. రెండోదానికి రెండు రికార్డు ప్లేయర్లున్నాయి. నేను బెజవాడ ప్రయాణం కట్టడానికి కారణం ఇంతే.

ఒక్క ప్లేయరున్నవాడి కష్టం చెప్తే అర్థం కాదు. ఒక రికార్డు అయిపోయి ఇంకోటి పెట్టేలోపల పందిట్లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే వియ్యాలవారికి పాత కోపాలు గుర్తుకొస్తాయి. రెండు ప్లేయర్లున్నవాడికి ఆ బాధ లేదు. ఒకటి ఆగేలోపల ఇంకోటి అందుకుంటుంది. అందుకే పెద్ద పెళ్ళిళ్ళన్నీ అతనికి, బారసాలలన్నీ నాకు.

పత్తి లోడు కోసం మా ఊరొచ్చే బెజవాడ లారీ డ్రైవరొకడు చెప్పాడు. ఆటోనగర్‌లో దేవసహాయం అనే మైకుసెట్టాయన రెండో ప్లేయరు అమ్మేస్తున్నాడట. "సరుకు మంచిదేనండి, మనిషే కొంచెం తేడా. పాట లేకుండా పాట కడతాడు," అన్నాడు. మనిషి తేడా అయితే నాకేం, సరుకు బాగుంటే చాలనుకున్నాను. మాఘమాసం, ఎండలింకా ముదరలేదు. బయల్దేరాను.

బెజవాడలో ఇడ్లీ

మీటరుగేజి బండి రాత్రంతా కుదిపి కుదిపి పొద్దున్నే బెజవాడలో దించింది. స్టేషన్ ఎదుట హోటల్లో ప్లేటు ఇడ్లీ అర్ధరూపాయి. ఇడ్లీ సంగతి అలా ఉంచండి, పక్కన వేసిన అల్లప్పచ్చడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం మాకు కొత్త కాదు, బొరుగుల ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నంజుకుని పెరిగినవాళ్ళం. కానీ కారం, బెల్లం, అల్లం ఒకేసారి మీద పడితే మనిషి ఎటు తిరగాలి?

ఎదుటి కుర్చీలో ఉన్న పెద్దాయన నీళ్ళగ్లాసు నా వైపు జరిపాడు.

"ఏ ఊరండీ మనది?"

"ఆదోని."

"ఎక్కడండీ అది?"

"గుంతకల్లు దగ్గర."

"ఓ, గుంతకల్లా. బండి మారతాం కదండీ అక్కడ," అన్నాడు చాలా సంతోషంగా. మా సీమ అంతా ఆయన లెక్కలో బండి మారే చోటు. నాకు ఒళ్ళు మండింది. ఆయనే నా కాఫీకి కూడా డబ్బులిచ్చేసి వెళ్ళిపోయాడు కాబట్టి ఆ మంట ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

బ్యారేజీ మీద కాసేపు నిలబడ్డాను. మా వీధిలో కుళాయి దగ్గర బిందెలు పొద్దున నాలుగింటికే వరస కడతాయి. ఇక్కడ నీళ్ళు ఎవర్నీ అడక్కుండా పోతున్నాయి, ఎవరూ వాటివైపు తిరిగి చూడటం లేదు. ఒకడు కాలువలో గేదెని కడుగుతున్నాడు. మా ఇంట్లో వారం వాడుకునే నీళ్ళు ఆ గేదె వీపు మీదే పోసేశాడు. ఆ గేదె మీద నాకు అసూయ కలిగింది.

ఆటోనగర్‌లో గోలీసోడా సీసా

ఆటోనగర్‌ని కళ్ళకంటే ముందు చెవులు కనిపెడతాయి. లారీ కమాను కట్టల మీద సుత్తి దెబ్బలు, రేకుల మీద ఆకురాయి, ఎక్కడో హారన్ బాగుచేస్తున్నవాడు అదేపనిగా మోగిస్తున్న హారన్. డైనమోలకి తీగ చుట్టే ఒక షెడ్డు వెనకాల చిన్న గది చూపించారు. ఆ షెడ్డు దేవసహాయం బావమరిదిది.

దేవసహాయానికి ముప్ఫై అయిదుంటాయి. బక్కపల్చటి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న కత్తెర. బల్ల మీద రెండు ప్లేయర్లు, పాత రేడియోలు విప్పి తనే కట్టుకున్న ఆంప్లిఫయరు, ఒక టేపురికార్డరు. దాని పక్కన నిలబెట్టిన గోలీసోడా సీసా. టేపు మిషన్లోంచి బయటికొచ్చి, ఆ సీసాని చుట్టి మళ్ళీ మిషన్లోకి పోతోంది. రెండు కొసలూ అతికించేశాడు, ఇక దానికి మొదలూ లేదు, చివరా లేదు.

"ఏముందప్పా దీంట్లో?" అన్నాను.

"మూడేనండి. బయట కొడుతున్న సుత్తి, మా అమ్మ రోకటి పోటు, మా ఊరి కాలవలో పడవ ఇంజను. ఉండండి, వినిపిస్తా."

టేపు వదిలాడు. మూడు చప్పుళ్ళూ ఒకదాని సందులోంచి ఒకటి దూరుతూ తిరగడం మొదలెట్టాయి. ఆ తర్వాత మొదటి ప్లేయరు మీద పాత సన్నాయి రికార్డు పెట్టి సూది దించాడు. డోలు రెండు దెబ్బలు పడి సూది ఇరుక్కుంది. దుం తక, దుం తక, దుం తక.

ఇరవయ్యేళ్ళ అలవాటు. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి పావలా బిళ్ళ తీసి సూది తల మీద పెట్టింది. సూది ఇరుక్కుంటే బరువు పెట్టాలని మైకుసెట్టువాళ్ళకే కాదు, పెళ్ళికొచ్చిన పేరంటాళ్ళకి కూడా తెలుసు. బరువుకి సూది ముందుకి దూకింది. నేను ఘనకార్యం చేసినట్టు ఆయన వంక చూశాను.

ఆయన కోప్పడలేదు. బల్ల సొరుగు లాగి చూపించాడు. అందులో బిళ్ళలు, చిన్నవీ పెద్దవీ.

"ఇవన్నీ ఇలా పెట్టినవేనండి. సాయం చేద్దామనే పెడతారు పాపం. గాడి మీద కుట్టుసూదితో అడ్డంగా గీశానండి. ముందుకి పోలేక వెనక్కి జారి మళ్ళీ అక్కడికే వస్తది. కావాలనే ఇరికించా."

"ఎందుకప్పా?"

"బాగుంటదని," అన్నాడు.

మళ్ళీ మొదలెట్టాడు. డోలు దెబ్బ తిరుగుతుండగా రెండో ప్లేయరు మీద ఇంకో రికార్డు పెట్టి, ఎవరో ఆవిడ తీసిన రాగంలో ఒక్క ముక్కని వేలితో వెనక్కి తిప్పుతూ, వదుల్తూ, దాని మీద పరిచాడు. నిజం చెప్తాను, మొదట తలనొప్పి వచ్చింది. కానీ ఆయన ఆపగానే గది బోసిపోయింది. నాకు మా పాత ఇల్లు గుర్తొచ్చింది. జిన్నింగు మిల్లు గోడకి ఆనుకుని ఉండేది. మిల్లు ఆడినంతసేపూ హాయిగా నిద్రపోయేవాణ్ణి, ఆగితే లేచి కూర్చునేవాణ్ణి.

నేను కొనబోయేది ఆ రెండో ప్లేయరే. అది పోతే ఆయన రాగం పరచడానికి ఉండదు, ఉత్త డోలు మిగుల్తుంది.

ఇంతలో ఆయన భార్య సువార్తమ్మ వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ చీరలోనే ఉంది. నాకు మజ్జిగిచ్చి, మొహమాటం లేకుండా ఒప్పందం చెప్పింది.

"ఎల్లుండి ఈయన సొంతూళ్ళో కోతల పండగండి. చర్చి అయ్యగారు పది నిమిషాలు ఇస్తానన్నారు. ఆ పది నిమిషాలూ జనం కూర్చుని వింటే ప్లేయరు అమ్మం. మధ్యలో ఆపమంటే మీరు పట్టుకెళ్ళండి. అప్పుడిక ఈయన మా తమ్ముడి దగ్గర డైనమోలు చుడతాడు. ఈయన కూడా ఒప్పుకున్నాడు."

దేవసహాయం తలూపాడు.

"మరి పల్లెటూళ్ళో పెట్టడమెందుకమ్మా? ఈ ఊళ్ళో చదువుకున్నోళ్ళుంటారు కదా."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదండీ. ఈయన రచ్చంతా తిరిగొచ్చాడు. ఇంట ఒక్కసారైనా గెలవాలి కదా. నాలుగేళ్ళు చూశానండి నేను," అంది. ఆ మాటలో విసుగు కంటే అలసటే ఎక్కువ వినిపించింది.

ప్లేయరు నాదే అనిపించింది. పల్లెటూరి జనం, ఇరుక్కున్న సూది, పది నిమిషాలు! నేను కూడా వస్తానన్నాను.

కాలువ గట్టున బస్సు

చల్లపల్లి దారంతా ఒక పక్క కాలువ, ఒక పక్క కోసేసిన పొలాలు. బస్సు మీద గొట్టం స్పీకర్లు, మా కాళ్ళ దగ్గర పెట్టెలు. రెండో ప్లేయరు పెట్టె మాత్రం నా ఒళ్ళో ఉంది. ఎలాగూ నాదయ్యేదేనని నేనే అడిగి తీసుకున్నాను.

దేవసహాయం తన కథ చెప్పాడు. పద్ధెనిమిదేళ్ళకి మద్రాసు పోయి ఒక రికార్డింగు థియేటర్లో తీగలు మోసే పనిలో చేరాడు. మూడేళ్ళకి టేపు కోసి అతికించడం వాళ్ళందరి కంటే బాగా వచ్చింది. ఒక పాటలో గజ్జెల మోత ముక్క తను అతికించినదే అందరికీ నచ్చింది, పేరు వేరేవాళ్ళకి పోయింది.

"దానికి బాధపడి వచ్చేశారా?"

"పేరు సంగతి కాదండి. అది ఇంకాసేపు తిరిగితే బాగుండేది. నన్నడిగితే నిమిషం ఉంచేవాణ్ణి. వాళ్ళు రెండు సెకన్లకి కోసేశారు. నా దగ్గర నేనే అయితే ఎంతసేపైనా ఉంచుకోవచ్చు కదాని వచ్చేశా."

వచ్చి మైకుసెట్టు పెట్టాడు. పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వేస్తాడు, తన సరుకు మాత్రం జనం రాకముందు మైకు టెస్టింగప్పుడు వేసుకుంటాడు. ఒకసారి ఒక రేడియో కేంద్రానికి టేపు పంపితే, మర్యాదగా తిరిగొచ్చింది. 'శబ్దములు స్పష్టముగా ఉన్నవి, సంగీతము పంపగలరు' అని కార్డు. ఆ కార్డు ఇప్పటికీ ఆయన పర్సులో ఉంది. నాకు చూపించి నవ్వాడు. నాకెందుకో నవ్వు రాలేదు.

చల్లపల్లిలో రాజావారి కోట చూస్తారా అని సువార్తమ్మ అడిగింది. ముందు భోజనం చూద్దామన్నాను. ఆకు మీద అన్నం కొండలా పోశారు. గోంగూర, చేపల పులుసు, గడ్డపెరుగు. మా దగ్గర అన్నం పండక్కి, రొట్టె ఆకలికి. జొన్నరొట్టె దొరుకుతుందా అని సరదాకి అడిగితే వడ్డించే ఆయన నన్ను జాలిగా చూసి, "ఒంట్లో బాలేదాండీ?" అన్నాడు.

కోతల పండగ

దేవసహాయం సొంతూరు చల్లపల్లికి ఇంకాస్త అవతల. వాళ్ళమ్మ మాకు కాలువ నీళ్ళు ఇచ్చింది. బురద రంగు నీళ్ళని ఇండుపగింజ అరగదీసి కుండలో తేర్చింది. అన్ని నీళ్ళుండీ తాగడానికి అంత పని ఉందని తెలిశాక గేదె మీద అసూయ కాస్త తగ్గింది.

కోతల పండగంటే ఏమిటో నాకు తెలీదు. పంట ఇంటికొచ్చాక మొదటి ధాన్యం, కాయలు, కోళ్ళు, గుడ్లు, ఎవరికి ఉన్నది వాళ్ళు చర్చికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పొరుగు వీధుల హిందూ రైతులు కూడా వేలానికి వస్తారు. చెప్పులెక్కడ విడవాలో తెలీక నేను నిలబడితే, ఒక ముసలావిడ నా చెప్పులు కర్రతో పక్కకి నెట్టి, "వందనాలు నాయనా, కూర్చో," అంది.

ప్రార్థన అయ్యింది. అయ్యగారు లేచి, "మన దేవసహాయం ఏదో కొత్త సంగీతం తెచ్చాడంట. పది నిమిషాలు నెమ్మదిగా విందాం," అన్నాడు.

దేవసహాయం బల్ల దగ్గరికి వెళ్ళాడు. సీసా నిలబెట్టాడు, టేపు వదిలాడు, సూది దించాడు. దుం తక, దుం తక. నాలుగోసారికే జనంలోంచి, "సూది ఇరుక్కుందయ్యా," అన్నారు. సువార్తమ్మ కళ్ళు దించుకుంది. ఎనభయ్యేళ్ళ యాకోబు తాత, ఆ సంఘానికి పెద్ద, కర్ర పట్టుకుని లేచాడు. మెల్లగా నడిచొచ్చి, బొడ్లోంచి బిళ్ళ తీసి సూది తల మీద జాగ్రత్తగా పెట్టి, దేవసహాయం భుజం తట్టి వెళ్ళి కూర్చున్నాడు.

దేవసహాయం బిళ్ళ తీసి మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి వెంకట్రామయ్య గారనే రైతు వచ్చి అర్ధరూపాయి పెట్టాడు. ఎవరిలోనూ వెటకారం లేదు. అదే కష్టం. తిడితే పోట్లాడొచ్చు, సాయం చేస్తుంటే ఏం చెయ్యగలం?

"ఆ రికార్డు పాడైనట్టుంది, ఆపెయ్ నాయనా," అన్నాడు అయ్యగారు ప్రేమగా. మూడు నిమిషాలు కూడా కాలేదు.

సువార్తమ్మ నా దగ్గరికొచ్చి, "మీరు పెట్టెలో సర్దుకోండి ఆదోని గారూ," అంది. ఆమె మొహంలో గెలుపేమీ లేదు. నేను కోరుకున్నదే జరిగింది. కానీ ప్లేయరు తీగ ఊడదీస్తుంటే, మా వీధి కుళాయి దగ్గర ఎవరి బిందెనో పక్కకి జరిపి నాది పెట్టినట్టు సిగ్గేసింది.

వేలం

మైకులో యాకోబు తాత వేలం మొదలెట్టాడు. అరటిగెల అయ్యింది, ధాన్యం బస్తా అయ్యింది. పెద్ద గుమ్మడికాయ వచ్చింది. దేవసహాయం తలొంచుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి చేస్తే తప్ప నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. చెయ్యెత్తి నాలుగు రూపాయలన్నాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయ్యింది. వెళ్ళి గుమ్మడికాయ తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అంతా నన్నే చూస్తున్నారు. వేలం ముందుకి కదలదు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"మళ్ళీ ఇచ్చెయ్యాలండి," అంది సువార్తమ్మ నెమ్మదిగా. "పాడుకున్నవాళ్ళు మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తారు. మళ్ళీ వేలం వేస్తారు. గుమ్మడికాయకి ఇక్కడ అదే మర్యాద. పోయినేడు ఆరుసార్లు తిరిగింది."

మొహం మాడ్చుకుని పట్టుకెళ్ళి ఇచ్చేశాను. జనం హాయిగా నవ్వారు. అదే కాయ మళ్ళీ వేలానికొచ్చింది. వెంకట్రామయ్య గారు పాడుకుని ఇచ్చేశారు, మళ్ళీ వచ్చింది. ఎవరికీ విసుగు లేదు, పైగా తిరిగొచ్చేకొద్దీ హుషారు పెరుగుతోంది.

నాకు ఉక్రోషం వచ్చింది. దేవసహాయం పక్కన చతికిలబడి అన్నాను, "ఏమప్పా, ఒకే గుమ్మడికాయ ఇన్నిసార్లు తిరిగితే ఈళ్ళకి బాగుందే. దాని మీద ఒక్కరూ బిళ్ళ పెట్టలేదే."

ఆయన నా మొహంలోకి చూశాడు. గుమ్మడికాయ వంక చూశాడు. లేచి సోడా సీసా నిలబెట్టాడు. ఎవరూ నన్నడగలేదు, నేనే పెట్టె విప్పి రెండో ప్లేయరుకి తీగ తగిలించాను.

ఈసారి గట్టిగా పెట్టలేదు. తాత గొంతు కిందుగా, ఆయన మాటకి అడ్డురాకుండా, ముందు రోకలి, సుత్తి, పడవ ఇంజను, తర్వాత డోలు. తాత "ఒకటోసారి" అన్నాడు, దుం తక పడింది. "రెండోసారి" అన్నాడు, పడింది. మూడోసారికి తాత కావాలనే ఆగి, దెబ్బ పడ్డాక అన్నాడు. జనం గొల్లున నవ్వారు. రెండో ప్లేయరు మీద ఆవిడ రాగం గుమ్మడికాయ చేతులు మారినప్పుడల్లా లేచింది. నాట్లు వేసే ఆడవాళ్ళు ఆ దెబ్బకి చప్పట్లు అందుకున్నారు. గుమ్మడికాయ అయిదోసారి, ఆరోసారి, ఏడోసారి తిరిగింది. పది నిమిషాలు ఎప్పుడు దాటాయో నేను చూసుకోలేదు. సువార్తమ్మ మాత్రం చేతి గడియారం చూస్తూనే ఉంది.

ఎనిమిదోసారి వేలంలో, బల్ల కాలికి కట్టిన పెట్టకోడి తాడు తెంపుకుని బల్ల మీదకి ఎగిరింది. సోడా సీసా దొర్లి ప్లేయర్ల మీద పడింది. టేపు కోడి కాలికి చుట్టుకుని పోయింది. చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది.

యాకోబు తాత "ఒకటోసారి" అని, దెబ్బ కోసం ఆగాడు. పడలేదు. మైకులోనే ఇటు తిరిగాడు.

"ఏమయ్యా దేవసహాయం, ఎందుకాపావు? నిన్ను ఆపమన్నదెవరు?"

దేవసహాయం కోడిని చూపించాడు. వెంకట్రామయ్య గారు లేచి కోడిని పట్టుకున్నారు. నేను టేపు విడిపించాను. దేవసహాయం జేబులోంచి కత్తెర తీసి నలిగిన ముక్క కోసి అతికిస్తున్నంతసేపూ జనం నోరెత్తకుండా కూర్చున్నారు. గుమ్మడికాయ తాత చేతుల్లో ఆగే ఉంది.

సువార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తొమ్మిదోసారి వేలంలో తనే చెయ్యెత్తింది. పాడుకుంది. కానీ తిరిగివ్వలేదు. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఏమీ అనుకోకండి ఆదోని గారూ. ప్లేయరు ఇవ్వలేం," అంది.

మళ్ళీ ఆదోని

ప్లేయరేదని మా ఆవిడ అడిగింది. గుమ్మడికాయ చూపించాను. ఆమె అన్నవి ఇక్కడ రాయను. పులుసు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

వచ్చిన వారానికి ఒక చిన్న పెళ్ళి తగిలింది. నా ఒక్క ప్లేయరు, నా పాత రికార్డులు. మధ్యాహ్నం భోజనాలవేళ ఒక రికార్డు అరిగిపోయిన చోట సూది ఇరుక్కుంది. సన్నాయి ముక్క ఒకటి, దాని వెనకే తాళం, మళ్ళీ ముక్క, మళ్ళీ తాళం. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది. పావలా తగిలింది. తియ్యలేదు.

పెళ్ళికొడుకు మేనమామ పంక్తిలోంచి లేచి, ఎడమచేత్తో బిళ్ళ పట్టుకుని నావైపు వస్తున్నాడు.

"ఒక్క నిమిషం కూర్చోప్పా," అన్నాను. "విను."